డాక్టర్, నర్సు ఉండగా పాలియేటివ్ కేర్‌లో (తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే సేవలో) సోషల్ వర్కర్ ఎందుకు? ఏం నేర్పుతారు?

హన్మకొండలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్న మీ తమ్ముడి కోసం అడిగారు కదా. ఆధునిక హాస్పిస్‌కు, అంటే చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే చోటుకు, ఆద్యురాలైన సిసిలీ సాండర్స్ డాక్టర్ కాకముందు నర్సు, ఆ తర్వాత ఆసుపత్రి సోషల్ వర్కర్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పి ఒంటిదే కాదు, మనసుది, ఇంటిది, అప్పులది కూడా అన్నది ఆమె ఆలోచన.

శిక్షణలో అన్నిటికన్నా కష్టం మాట్లాడటం. పరకాల దగ్గర ఒక ఊళ్లో పేషెంట్ ఇంటికి వెళ్లారనుకోండి. గడపలోనే బిడ్డ ఆపుతుంది: "క్యాన్సర్ అని మా నాయినకు చెప్పకుండ్రి సారూ." అప్పుడు సరే అని అబద్ధం ఆడకూడదు, లోపలికెళ్లి గబుక్కున చెప్పేయనూ కూడదు. ముందు ఆమె భయం వినాలి. తర్వాత పెద్దాయనను "మీ జబ్బు గురించి మీకు ఏం తెలుసు?" అని అడగాలి. చాలామందికి ముందే తెలిసి ఉంటుంది! క్లాసులో ఒకరు బిడ్డగా, ఒకరు పేషెంట్‌గా కూర్చుని దీన్ని ప్రాక్టీస్ చేయిస్తారు. ఏమీ మాట్లాడకుండా పేషెంట్ పక్కన ఊరికే కూర్చోవడం కూడా నేర్పుతారు; కుర్రాళ్లకు అదే టెన్షన్.

మిగతావి ఆరోగ్యశ్రీ, పింఛను, బ్యాంకు నామినీ కాగితాలు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు రాయడం డాక్టర్ పని, కానీ అలవాటైపోతుందని ఇంట్లోవాళ్లు దాచేస్తే నచ్చజెప్పేది ఎక్కువగా సోషల్ వర్కరే. మనిషి పోయాక, దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లాక, మళ్లీ ఒకసారి ఆ ఇంటికి వెళ్లిరావాలి. అదీ డ్యూటీయే.