కొరియా జాడీల మీద డ్రాగన్ కొన్నిటికి నీలం, కొన్నిటికి గోధుమ రంగు ఎందుకు?

కొరియా పాత పింగాణీ జాడీల మీద డ్రాగన్ బొమ్మకు రెండు రంగులెందుకని అడిగారు. సియోల్ దగ్గరి సువాన్‌లో ఉద్యోగం చేసిన మూడేళ్లూ ఆదివారం వస్తే సియోల్ జాతీయ మ్యూజియానికి వెళ్లేవాణ్ణి. ఈ ప్రశ్న నన్నూ చాలా రోజులు వదల్లేదు.

కొరియాను ఏలిన చోసన్ వంశపు రాజుల కాలంలో ఈ జాడీలను యోంగ్‌జున్ అనేవారు. యోంగ్ అంటే డ్రాగన్. రాజుగారి విందుల్లో, క్రతువుల్లో మద్యం పోయడానికో పూలు పెట్టడానికో వాడేవారు. నీలం కోబాల్ట్ అనే ఖనిజానిది. అది చైనా నుంచి రావాలి, బోలెడు ఖరీదు. అందుకే బొమ్మ వేయడానికి ఆస్థాన చిత్రకారులే పింగాణీ కాల్చే క్వాంగ్జు బట్టీలకు వెళ్లేవారు. (ఇది సియోల్ దగ్గరి క్వాంగ్జు. దక్షిణాన పెద్ద నగరం పేరూ అదే, టికెట్ కొనేముందు చూసుకోండి.)

1592లో జపాన్ దండెత్తింది, 1636లో ఉత్తరం నుంచి మంచూలు వచ్చిపడ్డారు. దేశం చితికిపోయింది, కోబాల్ట్ కరువైంది. చైనా రాయబారులకు విందు చేయాల్సి వస్తే, డ్రాగన్ జాడీ లేకపోవడంతో తెల్ల జాడీ మీద పైపైన బొమ్మ గీయించి పెట్టిన రోజులున్నాయి! అప్పుడే ఇనుముతో చేసిన రంగు వాడకం పెరిగింది. కాలిస్తే అదే గోధుమ రంగులోకి తిరుగుతుంది.

నేను ఎక్కువసేపు నిలబడేది ఈ గోధుమ రంగు డ్రాగన్ల ముందే. గుడ్లు మిటకరించిన ముఖం, ఒక్క ఊపులో విసిరిన మీసాలు. కుంచె ఆగిన చోట రంగు నల్లగా ముద్దకట్టింది, పరుగెత్తిన చోట పలచబడింది. కాస్త పక్కకొచ్చి చూస్తే జాడీ నడుం దగ్గర సన్నటి ఉబ్బు కనిపిస్తుంది. రెండు పెద్ద గిన్నెలు విడివిడిగా చేసి, ఒకదాని మీద ఒకటి బోర్లించి అతికిన చోటది. డ్రాగన్ ఒళ్లు ఆ అతుకు మీదుగానే మెలికలు తిరుగుతుంది.

నీలం డ్రాగన్‌కు పొలుసు పొలుసూ లెక్కగా ఉంటుంది, గొప్ప పనితనమే. ప్రాణం మాత్రం గోధుమ రంగు దానిలోనే ఉందని నా గట్టి నమ్మకం. 1996లో న్యూయార్క్ వేలంలో 84 లక్షల డాలర్లు పలికిన 17వ శతాబ్దపు జాడీ ఈ రకమే.

కోబాల్ట్ మళ్లీ దొరికాక కూడా, 1754లో యోంగ్జో రాజు దుబారా అని నీలం బొమ్మలు మాన్పించాడు. డ్రాగన్ జాడీలకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు.

మీరు ఆ మ్యూజియానికి వెళ్తే మూడో అంతస్తులో చూడండి. గోళ్లు కూడా లెక్కపెట్టండి: రాజు వస్త్రం మీద డ్రాగన్‌కు ఐదు, యువరాజుకు నాలుగు. జాడీల మీద మూడు గోళ్లవీ కనిపిస్తాయి.