నది కనిపించని బొమ్మకు నది పేరెందుకు?

అమెరికన్ నైరూప్య చిత్రకారిణి జోన్ మిచెల్ 1981లో చేసిన ‘సైడ్స్ ఆఫ్ ఎ రివర్’ (నదికి ఇరువైపులు) రంగుల లిథోగ్రాఫుల్లో, అంటే రాతి మీదో లోహపు ప్లేటు మీదో గీసి అచ్చు తీసిన బొమ్మల్లో, గట్టూ నీళ్లూ పడవా వెతికితే దొరకవు. మరి వీటిలో ప్రకృతి ఎక్కడుంది? గుర్తుండిపోయిన దృశ్యాల నుంచే బొమ్మ వేస్తానని ఆమె చెప్పేవారు. 1968 నుంచి ఆమె నివసించింది ఫ్రాన్స్‌లో, సేన్ నది పక్కనున్న వెతెయ్ అనే ఊళ్లో. ఈ అచ్చులు తీసింది మాత్రం అట్లాంటిక్‌కు అవతల, న్యూయార్క్ రాష్ట్రంలోని కెన్నెత్ టైలర్ ముద్రణశాలలో. అంటే ఎదురుగా ఉన్నది నది కాదు, జ్ఞాపకం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పని తీరు. జిడ్డూ నీరూ కలవవు. లిథోగ్రఫీకి ఆధారం అదే. జిడ్డు క్రేయాన్‌తో రాతి మీదో అల్యూమినియం ప్లేటు మీదో గీసి, రసాయనాలతో స్థిరపరచి, తడిపి, రోలర్‌తో సిరా పూస్తారు. గీత సిరాను పట్టుకుంటుంది, తడిసిన చోటు వదిలేస్తుంది. సాధారణంగా రంగుకో ప్లేటు. కాబట్టి ఒక్క ఊపులో గీకినట్టున్న ఆ ఆవేశమంతా నిజానికి పొర మీద పొరగా, ఓపికగా అచ్చయిందే! దగ్గరికి వెళ్లి చూడండి: ఒక రంగు గీతల సందుల్లోంచి కింది రంగు తొంగిచూస్తుంది. ఫోను తెరపై అది తెలియదు.