బయానా ఇచ్చే ముందు ఒక వేసవి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. కల్వకుర్తి వైపు 110 ఎకరాల చెల్క, దూడలు కాక పెద్దవే 90 పసులు, సోలార్ కంచెతో విడగొట్టిన 20 చెక్కలు, మందను రెండు రోజులకొక చెక్కకు మార్చి మేపే ఏర్పాటు అన్నీ కలిపి అమ్మకానికి వచ్చాయని, యజమాని తొందరపెడుతున్నాడని రాశావు. నువ్వు ఆ భూమిని చూసింది శ్రావణంలో. శ్రావణంలో మన పాలమూరు కూడా కోనసీమలాగే కనిపిస్తుంది.

2001 వానాకాలంలో దేవరకొండ దగ్గర నేనూ అలా పచ్చదనం చూసే 28 ఎకరాలు, 30 ఆవులు కొన్నాను. మరుసటి ఏడు కరువు వచ్చింది. బోరు ఎండింది, వరిగడ్డి ధర అందనంత పెరిగింది, ఆవులను సంతకు తోలి అడిగిన ధరకే వదిలేసి వచ్చాను. ఆనాడు నేను వేయని లెక్కను నువ్వు ముందే వేసుకోవాలని ఈ ఉత్తరం.

మందను మార్చి మేపుతూ నేలను కోలుకోనిచ్చే ఈ ఏర్పాటును రీజెనరేటివ్ గ్రేజింగ్ అని వారు చెబుతున్నారు, ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఒక చెక్కను రెండు రోజులు మేసిన మంద మళ్లీ అక్కడికి వచ్చేసరికి 38 రోజులు గడుస్తాయి కాబట్టి, గడ్డి వేరు కోలుకుంటుంది, తొక్కుడుపడ్డ ఆకూ పేడా నేలను కప్పి తేమను నిలుపుతాయి. కానీ అది వానలున్నంత కాలమే. ఏటా 600 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన అక్టోబరుతో ఆగిపోయాక, జూన్ దాకా ఎంత విరామం ఇచ్చినా కొత్త మొలక రాదు. 300 కిలోల ఆవుకు రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత కావాలి. 90 ఆవులకు ఎనిమిది నెలలకు లెక్క కడితే 170 టన్నులు దాటుతుంది, అంటే ఎకరానికి ఒకటిన్నర టన్నుకు పైగా పసుల నోట పడాలి. సగం గడ్డిని నేలకు వదలడమే ఈ పద్ధతికి ప్రాణం కనుక, మూడు టన్నులకు పైగా నిలిచి ఉండాలి. వానాధారపు ఎర్రచెల్కలో అంత గడ్డి వస్తుందంటే నేను నమ్మలేను.

అందువల్ల ముందుగా గడ్డి కొన్న రసీదులు అడుగు. ప్రతి వేసవిలో మిర్యాలగూడ ఆయకట్టు నుంచి లారీల కొద్దీ వరిగడ్డి దిగుతున్నట్లయితే, మందను పోషిస్తున్నది ఆ భూమి కాదు, ఆయన జేబు. రసీదులు లేవని నవ్వేస్తే, పసులకాపరితో కూర్చొని చాయ్ తాగు, నాలుగు మాటల్లో నిజం బయటపడుతుంది.

తరువాత నేలను చూడు. కంచె లోపల ఒకచోట, గెట్టు అవతల పొరుగువారి చెల్కలో ఒకచోట చెంబెడు నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో గడియారం పట్టుకొని చూడు. పదేళ్లుగా మార్చి మేపుతున్నామంటున్నారు కదా, రెండింటికీ తేడా లేకపోతే ఆ మాట కాగితానికే పరిమితం. పాత పేడకడిని పుల్లతో తిరగెయ్యి. అడుగున పేడపురుగులు తొలిచిన రంధ్రాలు, వాటి కింద గుల్లబారిన మట్టి ఉంటే మంచి గుర్తు. పేడ పిడకలా ఎండి అలాగే పడి ఉంటే, నులిపురుగుల మందు అతిగా వాడారేమోనని అనుమానించు, ఎందుకంటే ఐవర్‌మెక్టిన్ వంటి మందు పేడలోకి దిగి ఆ పురుగులను కూడా చంపుతుంది. తాగునీటి తొట్టి దగ్గర వయ్యారిభామ కమ్ముకొని ఉందా చూడు, అది తిన్న ఆవు పాలు చేదెక్కుతాయి.

బోరు నీటిని ఫ్లోరైడ్ పరీక్షకు తప్పక పంపు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఆ నీరు మనుషులను ఎలా వంచిందో నల్లగొండ వాళ్లకు చెప్పనక్కరలేదు. పసుల పళ్లు అరిగి, కీళ్లు బిగుసుకుపోవడం నేను కళ్లారా చూశాను.

పసుల సంగతికి వస్తే, అమ్రాబాద్ వైపు పొడ తూర్పు జాతి ఆవులు కాసిని ఉన్నాయని రాశావు, అవి మన ఎండకు, రాళ్ల మీది నడకకు తట్టుకుంటాయి. సంకరజాతివి మాత్రం విడిగా ధర కట్టించు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాల పుస్తకం, ఆవులు ఈసుకుపోయేలా చేసే బ్రుసెల్లోసిస్ అనే అంటురోగానికి చేసిన పరీక్ష లేనిదే మందను తీసుకోకు.

కాగితాల విషయంలో మన చట్టం నిన్ను వదలదు. 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం కుటుంబ యూనిట్‌కు మెట్ట భూమి, తరగతిని బట్టి, 35 నుంచి 54 ఎకరాలకే పరిమితం. 110 ఎకరాలు ఎవరెవరి పేర్ల మీద ఉన్నాయో, నువ్వు ఎవరి పేర్ల మీద తీసుకోగలవో వకీలుతో తేల్చుకో. అందులో బంచరాయి (ఊరి ఉమ్మడి మేత భూమి), శిఖం (చెరువు లోపలి భూమి), అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది) కలిసి ఉందేమో చూడు, అసైన్డ్ భూమిని కొనడాన్ని 1977 చట్టం నిషేధించింది. భూ రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా, 1954-55 నాటి పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీ తీయించి సర్వే నంబర్లు సరిపోల్చనిదే నాకు నిద్రపట్టదు.

ఉగాది వెళ్లాక, మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టు. ఆ చెల్క పక్క ఊరిలోనే ఎక్కడైనా దిగుదాం, చెంబూ గడ్డపారా నేను తెస్తాను. యజమాని అప్పటిదాకా ఆగనంటే ఆ బేరం వదిలేయి. నేను వచ్చి చూసేవరకు ఒక్క రూపాయి బయానా ఇవ్వకు.

అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ