బైపాస్ అయ్యాక కాలు వాచింది, భయమా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. బైపాస్ అయి 12 రోజులైంది. ఎడమ కాలు వాచింది. అన్నం సయించడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఆపరేషన్ ఫెయిలైందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు రాసినవన్నీ నేను వార్డులో రోజూ చూసేవే. గుండెకు వేసిన రక్తనాళాన్ని ఆ కాల్లోంచే తీసి ఉంటారు, అందుకే వాపు. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద ఎత్తి పెట్టించండి. పిక్క గట్టిపడి నొప్పి పుడితే మాత్రం వెంటనే చూపించండి. ఆకలి, నిద్ర కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. కన్నీళ్లూ అంతే. పక్కన కూర్చోండి, 'ధైర్యం తెచ్చుకో' అని గదమాయించకండి. నెల దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

రొమ్ము ఎముకను తీగలతో బిగించి ఉంటారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు. అందాకా నీళ్ల బిందె ఎత్తకూడదు, చేతులు ఊని మంచం మీంచి లేవకూడదు. దగ్గొస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోమనండి.

జ్వరం, గాయంలో చీము, దగ్గినప్పుడు ఎముక టక్‌మనడం, గుండెదడ, ఆయాసం... ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆస్పిరిన్ మాత్రం సొంతంగా మానేయనివ్వొద్దు.