మిస్సింగ్ పట్టే ముందు ఒక మాట

సింధూ తల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆదివారం బానెట్ ఎత్తి తనే మిస్సింగ్ బాగుచేస్తుందట, నువ్వే చెప్పు అన్నయ్యా" అంది. నిన్ను ఆపమని దాని ఉద్దేశం. నేను ఆపను. మన ఇంట్లో పానా పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే, ఆ మాట వినగానే నాకెంత సంతోషమేసిందో! కానీ రాత్రంతా నిద్ర సరిగ్గా పట్టలేదు, అందుకే రాస్తున్నాను. మిస్సింగ్ అంటే ఇంజన్‌లో ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలో, గ్యాసో సరిగ్గా మండకపోవడం. ఇది మొత్తం చదివాకే కారు దగ్గరికి వెళ్లు.

ఇంజన్ బాగా చల్లారాకే చెయ్యి పెట్టు. చున్నీ వద్దు, జడ ముడి వేసుకో. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజన్ ఆన్‌లో పెట్టి పని చెయ్యకు, ఆ పొగ ప్రాణం తీస్తుంది, బండిని బయటికి తీసుకురా. మీ బండికి సీఎన్‌జీ కిట్ ఉంది కాబట్టి, గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా దూరంగా వచ్చెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని చెప్పావట. నిలకడగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటోందా? కొట్టుకుంటుంటే ఆ బండిని ఇక నడపకు. ఆఫీసుకి లేటయినా సరే, ఆటో ఎక్కు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. నేను విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో, సంక్రాంతి ముందు ఒకాయన భార్యాపిల్లలతో ఊరికి బయల్దేరాడు. బండి అప్పటికే చాలా రోజులుగా మిస్సవుతోంది. ఒక షెడ్డులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గులు మార్చారు. ఇంకో షెడ్డులో ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ ఒకటి మార్చారు. మరోచోట పెట్రోల్ పంపు కూడా మార్చారు. డబ్బులు పోయాయి గానీ లైటు కొట్టుకోవడం ఆగలేదు. "నడుస్తోంది కదా, పండగయ్యాక చూద్దాం" అనుకున్నాడాయన.

సిలిండర్‌లో మండని పెట్రోల్ ఊరికే పోదమ్మా. సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ దిమ్మ ఆ వేడికి కరిగిపోతుంది. పైన ఉండే రేకు ఎర్రగా కాలుతుంది. ఆ ఊరి రోడ్డు మీద రైతులు వరిగడ్డి పరిచారు. గడ్డి బండి కిందికి చుట్టుకుంది, అంటుకుంది. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు. పొలంలో ఉన్నవాళ్లు పొగ చూసి పరుగెత్తుకొచ్చి పిల్లల్ని లాగారు, బోరు నీళ్లు తెచ్చి మంట ఆర్పారు. ఎవరికీ ఏమీ కాలేదు. క్రేన్ మీద ఆ బండి మా షెడ్డుకు వచ్చినప్పుడు, వెనక సీటులో చిన్న పిల్ల చెప్పు ఒకటి ఉండిపోయింది. ఇప్పటికీ రోడ్డు మీద గడ్డి కనిపిస్తే నేను బండి ఆపించి పక్కనుంచి పోనిమ్మంటాను.

విప్పి చూస్తే ఏముందనుకున్నావు? ఇంజన్ పైమూత, అదే ట్యాపెట్ కవర్, దాని ప్యాకింగ్ గట్టిపడి, రెండో సిలిండర్ ప్లగ్గు గుంటలో ఆయిల్ నిండింది. ఆ ఆయిల్‌కి కాయిల్ కింది రబ్బరు పాడై చీలింది. కరెంటు ప్లగ్గు కొసకు చేరకుండా పక్కనున్న ఇంజన్ హెడ్డుకి దూకుతోంది. కొత్త ప్లగ్గునీ అదే ఆయిల్‌లో బిగించారు. కొత్త కాయిల్ వేసింది వేరే సిలిండర్‌కి. ఏ సిలిండర్ పనిచెయ్యట్లేదని ఒక్కరూ అడగలేదు!

కాబట్టి నువ్వు ముందు ఆ ప్రశ్న అడుగు. బ్యాటరీ వైరు తియ్యకముందే బండి కంప్యూటర్ చూపే తప్పుని చదివే స్కానర్ పెట్టి, దాని కోడ్ రాసుకో, వైరు తీస్తే చాలా బండ్లలో కోడ్ చెరిగిపోతుంది. పి0302 అంటే రెండో సిలిండర్, పి0303 అంటే మూడోది. పి0300 వస్తే తప్పు ఏ ఒక్క సిలిండర్‌దో అని చెప్పలేం, ఒక్కదానితో పోయేది కాదు. గాలి ఎక్కడైనా లీకవుతోందా, పెట్రోల్ ప్రెషర్ సరిపోతోందా అని చూడాలి. ఆ కోడ్ వస్తే నాకు ఫోన్ చెయ్యి.

పి0302 వచ్చిందనుకో, రెండో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దానిది రెండో దానికి పెట్టు. కోడ్ చెరిపి స్టార్ట్ చెయ్యి. ఈసారి పి0301 వస్తే దొంగ కాయిలే. కోడ్ కదలకపోతే ప్లగ్గుల్ని కూడా అలాగే అటూ ఇటూ మార్చి చూడు. రెండూ ఒకేసారి మార్చకు, ఏది తప్పో తేలదు. మారుతీ 800 రోజుల్లో మేం నడుస్తున్న ఇంజన్ మీదే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ లాగి చూసేవాళ్లం. నువ్వా పని చెయ్యకు. ఇప్పటి కాయిల్స్‌లో వేల వోల్టులు ఉంటాయి, నీకూ దెబ్బే, బండి కంప్యూటర్‌కీ దెబ్బే.

మీ నాన్న సీఎన్‌జీ కిట్ పెట్టించాడు కదా, అది నీకు పైసా ఖర్చులేని పరీక్ష. గ్యాస్ మీద మిస్సయి పెట్రోల్ మీద బాగుంటే, ముందు ప్లగ్గు, కాయిల్ చూడు. గ్యాస్‌ని మండించడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, అరిగిన ప్లగ్గు అక్కడే ముందు దొరికిపోతుంది. పెట్రోల్ మీద మాత్రమే మిస్సయితే, ఎక్కువగా వాడకపోవడంతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. గ్యాస్ పైపుల జోలికి మాత్రం వెళ్లకు.

ప్లగ్గుని మొదట చేత్తోనే తిప్పు. తిరగనంటే బలవంతం చెయ్యకు, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టు. హెడ్డు అల్యూమినియంది, మర పోయిందంటే హెడ్డే దించాలి. ఆఖర్న బిగింపు ఎంతో చూపే పానా, అదే టార్క్ రెంచ్‌తో, మీ బండి మాన్యువల్‌లో చెప్పినంతే బిగించు. ఇవన్నీ చూసినా అదే సిలిండర్ మిస్సవుతుంటే, పైగా కూలెంట్ తగ్గుతుంటే, అక్కడితో ఆగు. అది హెడ్ ప్యాకింగో, వాల్వో కావచ్చు. సిలిండర్ లోపలి ఒత్తిడి, అదే కంప్రెషన్ చూడాలి, నేనొస్తాను. కోపం తెచ్చుకోకు తల్లీ, నీకు చేతకాదని కాదు, ఆ పనికి రెండు జతల చేతులు కావాలి.

ప్లగ్గులు తీశాక అట్టముక్క మీద నంబర్లు వేసి, వాటి ఎదురుగా వరుసగా పెట్టి ఫోటో పంపు. కొస లేత గోధుమరంగులో ఉంటే మంచిది. పొడి మసి పట్టినా, ఆయిల్ తడి ఉన్నా అది వేరే కథ. నేను ఫోటో చూసేదాకా ఏ పార్టూ కొనకు. ఆదివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చుంటాను, ఎన్నిసార్లయినా చెయ్యి.

మీ మామయ్య