పాత మిలిటరీ మౌజర్‌తో వేట రైఫిల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నేను టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటా, గ్రీన్ కార్డ్ వచ్చింది. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర పాత జర్మన్ మౌజర్ కొన్నా, మోడల్ 98 అంటున్నాడు. ఎవరో ఎప్పుడో ముందు కర్ర కోసేసి, పైన స్కోప్ కోసం చిల్లులు కూడా పెట్టించారు. దీన్ని .30-06 అనే అమెరికన్ తూటాకి మార్పించి, మంచి వాల్‌నట్ స్టాక్ (రైఫిల్ కర్ర భాగం) వేయించి పందులకీ జింకలకీ వాడుకుందామని నా ఆశ. ఫ్రెండ్సేమో ఆ డబ్బుతో రెండు కొత్త రైఫిళ్ళొస్తాయి కదరా అంటున్నారు. చేయించమంటావా వద్దంటావా?

జవాబు: చేయించు తమ్ముడూ. కాకపోతే మీవాళ్ళ లెక్కేం తప్పు కాదు, ఈరోజు షాపుకెళితే ఐదొందల డాలర్లలోపే పందిని పడగొట్టే కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్ దొరుకుతుంది, నువ్వేమో బ్యారెల్, ట్రిగ్గర్, సేఫ్టీ, స్టాక్, గన్‌స్మిత్ కూలీ అన్నీ కలిపితే పదిహేను వందలు ఈజీగా దాటేస్తావు, రేపు అమ్ముదామంటే అందులో సగం రావడం కూడా కష్టమే. డబ్బు మిగులుతుందని మాత్రం ఈ పనిలో దిగొద్దు. ఆ యాక్షన్ (తూటాని లోపలికి తోసి, లాక్ చేసి, కాల్చాక బయటికి లాగే యంత్రభాగం) మీద ఇష్టం ఉంటేనే దిగాలి, ఇష్టపడటానికి అందులో బోలెడు విషయం ఉంది.

జర్మనీలో ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో పాల్ మౌజర్ చేసిన డిజైన్ ఇది. జర్మన్ సైన్యం 1898లో తీసుకుంది, 1935లో దాన్నే పొట్టి చేసి 98కె అన్నారు. ఇప్పటి వేట రైఫిళ్ళు చాలావాటికి మూలం ఇదే. బోల్ట్ అంటే చేత్తో ముందుకి తోసి తిప్పి మూసే ఉక్కు కడ్డీ, దాని ముందు భాగంలో రెండు పెద్ద లగ్గులు (పొడుచుకొచ్చిన దిమ్మలు) ఉంటాయి, బోల్ట్ తిప్పగానే తలుపు గడియలాగా రిసీవర్‌లో, అంటే బోల్ట్ కూర్చునే ఉక్కు గొట్టంలో, పడి లాక్ అయిపోతాయి. వెనకాల మూడో లగ్గు ఇంకోటి ఉంది, అది మామూలుగా బరువు మోయదు, ముందువి రెండూ పోయినా బోల్ట్ నీ మొహం మీదకి రాకుండా ఆపడానికే పెట్టారు. తూటా వెనక భాగం పగిలి గ్యాస్ వెనక్కి తన్నితే బోల్ట్‌కున్న రెండు కంతల్లోంచి ఎడమ పక్క గాడిలోకి మళ్ళిపోతుంది, అయినా కొంచెం వెనక్కొస్తే బోల్ట్ చివర ఉన్న వెడల్పాటి అంచు దాన్ని కంటికి తగలకుండా పక్కకి కొడుతుంది. ఇంత ఆలోచన వందేళ్ళ పైమాటే. ఇక ఆ పొడుగాటి ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని బయటికి లాగే కొక్కెం) ఉంది చూశావా, మ్యాగజీన్‌లోంచి తూటా పైకి రాగానే దాని అంచు పట్టేసుకుంటుంది, ఛాంబర్లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటుకి) వెళ్ళేదాకా వదలదు. దెబ్బతిన్న పంది మీదకొస్తున్నప్పుడు కంగారులో బోల్ట్ సగం తోసి మళ్ళీ వెనక్కి లాగినా ఆ తూటా బయటపడుతుంది గానీ రెండు తూటాలు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుపోవు.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఎవరో ముందే కోసేశారని రాశావు చూడు, అది. రిసీవర్, బోల్ట్, స్టాక్ అన్నిటి మీదా ఒకే నంబరుండి చెక్కుచెదరని మిలిటరీ రైఫిల్ అయ్యుంటే దాని మీద ఆకురాయి పెట్టొద్దని నేనే చెప్పేవాణ్ణి. యుద్ధం అయ్యాక 1950లు, 60లలో అమెరికాలో ఇవి గుట్టలుగా వచ్చి పడ్డాయి, పోస్టులో ఆర్డరిస్తే ఇంటికొచ్చేవి. మీ పక్కనే డాలస్‌లో 1963లో కెన్నెడీని కాల్చింది కూడా అలా స్కోప్‌తో కలిపి 19.95 డాలర్లకి పోస్టులో తెప్పించుకున్న ఇటలీ మిలిటరీ రైఫిల్‌తోనే. 1968 చట్టం వచ్చి ఆ పోస్టు అమ్మకాలూ, మిలిటరీ సర్‌ప్లస్ దిగుమతీ ఆపింది, 80లలో పాతకాలం వాటికి మళ్ళీ దారి తెరిచారు. అప్పట్లో చవగ్గా వచ్చాయని ఎడాపెడా కోసి పారేశారు, అదే ఇప్పుడు కోయకుండా ఒరిజినల్‌గా ఉన్నవాటికి కలెక్టర్లు మంచి రేటిస్తున్నారు. ఒకసారి కోసిన కర్ర మళ్ళీ అతకదు. నీది ఎలాగూ కోసిందే కాబట్టి మొహమాటం లేకుండా పని మొదలుపెట్టొచ్చు.

అయితే స్టాక్ కోసం కర్ర చూడ్డానికంటే ముందు, అసలు నీ చేతిలో ఉన్నదేంటో తేల్చుకో. బోల్ట్ బయటికి తీసి చూడు, వెనక వైపు హ్యాండిల్ దగ్గర్లో ఆ మూడో లగ్గు ఉందా? లేకపోతే అది 98 కాదు, 93 గానీ 95 గానీ స్వీడన్ వాళ్ళ 96 గానీ అయ్యుంటుంది. అవి చెడ్డవని కాదు, స్వీడన్‌వైతే పనితనం అద్భుతంగా ఉంటుంది, కానీ 98కి ఉన్నంత సేఫ్టీ వాటికి లేదు, .30-06 లాంటి ప్రెషర్లకి వాటిని తీసుకెళ్ళకూడదు. యుగోస్లావియా ఎం48 అయితే యాక్షన్ పొడవు కొంచెం తక్కువ, మామూలు 98కి చేసిన స్టాక్ దానికి సరిగ్గా కూర్చోదు. చెక్ వాళ్ళ వీజెడ్-24 గానీ అర్జెంటీనా 1909 గానీ అని తేలితే మాత్రం నీ అదృష్టం, మంచి పనివాళ్ళు ఏరి కోరి తీసుకునేవి అవే.

తర్వాత ఉక్కు సంగతి. ఈ పాత 98 రిసీవర్లు లోపల మెత్తటి ఉక్కు, పైన మాత్రం పలచగా గట్టి పొర. లోపల మెత్తగా ఉంటేనే పగలకుండా సాగుతుంది, అందుకే అలా చేశారు. బోల్ట్ మరీ నున్నగా జారాలని ఎవడైనా లగ్గులు ఆనే చోట ఎక్కువ అరగదీశాడనుకో, ఆ గట్టి పొర పోయి, కాల్చిన ప్రతిసారీ లగ్గులు రిసీవర్‌లోకి కొంచెం కొంచెం దిగిపోతాయి. దీన్ని చేత్తో కూడా కనిపెట్టొచ్చు, ఖాళీ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ తీసేసి బోల్ట్ మూసి మెల్లగా హ్యాండిల్ పైకెత్తు, గుంటలోంచి గట్టెక్కినట్టు మొదట్లో ఒక చిన్న పట్టు తగిలితే అనుమానించాల్సిందే. గన్‌స్మిత్ దగ్గర లైటు పెట్టి చూస్తే ఆ గుంట అంచు కనిపిస్తుంది. అలా ఉంటే ఆ రిసీవర్‌ని అక్కడితో వదిలెయ్, దాని మీద ఇంకో రూపాయి పెట్టకు. స్టాక్ విప్పినప్పుడు కర్ర కింద దాగిన భాగంలో తుప్పు గుంటలున్నాయేమో చూడు, పైన పాలిష్ చేసి అమ్మేవాళ్ళు కింద ముట్టుకోరు. పాత చిల్లుల చుట్టూ పగుళ్ళున్నాయేమో మాగ్నెటిక్ టెస్ట్ చేయించు, దానికయ్యే ఖర్చు దండగ అనుకోకు.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. యుద్ధం నుంచి సైనికులు తెచ్చుకున్న మౌజర్లకి అప్పట్లో అమెరికాలో వాటి అసలు జర్మన్ తూటా, అంటే 8×57, సరిగ్గా దొరక్క, అదే బ్యారెల్‌లో ఛాంబర్ మాత్రం పొడుగు చేయించి 8 ఎంఎం-06 అనే రకంగా మార్చుకున్నారు. చాలాసార్లు బ్యారెల్ మీద ఆ మాట కొట్టించలేదు. కాబట్టి నీది ఇప్పుడు ఏ తూటా తింటుందో బయటి గుర్తు చూసి నమ్మొద్దు, తక్కువ వేడికే కరిగే లోహం పోసి ఛాంబర్ అచ్చు తీయించు, కొలిస్తే తేలిపోతుంది. బోల్ట్ నంబరు, రిసీవర్ నంబరు వేరైతే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) తప్పనిసరిగా చూపించు, గో గేజ్ (కనీస కొలత దిమ్మ) మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ (అంతకంటే పెద్ద కొలత దిమ్మ) మీద మూసుకోకూడదు, అంతే. ఈ రెండూ అయ్యేదాకా ఒక్క తూటా కూడా పేల్చకు తమ్ముడూ, ఇది బతిమాలి చెప్తున్నా.

.30-06 గురించి నా మాట వింటావా? బ్యారెల్ లోపల గాడులు శుభ్రంగా ఉండి, ఛాంబర్ అసలు 8×57 అని తేలితే మార్చకు. 8×57 తూటా మొత్తం పొడవు దాదాపు 82 మిల్లీమీటర్లు, .30-06 దాదాపు 85, మౌజర్ మ్యాగజీన్ పెట్టె మొదటిదానికని చేసింది, రెండోది పట్టాలంటే పెట్టె లోపల తొలవాలి, తూటా ఎక్కే ర్యాంపు దగ్గర కూడా తీయాలి, అక్కడ ఎక్కువ తీశారో కింది లగ్గుకి ఆనే ఉక్కే తగ్గిపోతుంది. పందికైనా తెల్లతోక జింకకైనా 8×57 చాలు, ఇంకా మిగులుతుంది. ఒకటే గుర్తుపెట్టుకో, 1905కి ముందు జర్మన్ మిలిటరీ బ్యారెళ్ళు .318 అంగుళాల గుండుకి చేసినవి, తర్వాతవి .323కి, ఆ పాతవాటిల్లో ఎవరైనా పేలుస్తారేమో అన్న భయంతో అమెరికన్ కంపెనీలు ఈ తూటాలో మందు బాగా తగ్గించి చేస్తాయి, యూరప్‌వి ఫుల్ పవర్‌లో ఉంటాయి. నీ బ్యారెల్ .323 అని కొలిచి తెలుసుకున్నాకే యూరప్ తూటాలు కొను. బ్యారెల్ పాడైపోయి ఎలాగూ కొత్తది వేయాలంటే అప్పుడు 7×57 అడుగు, అదే మ్యాగజీన్‌లో చక్కగా నడుస్తుంది, భుజానికి దెబ్బ కూడా తక్కువ.

స్కోప్ పెడతావు కాబట్టి రెండు మార్పులు తప్పవు. మిలిటరీ సేఫ్టీ రెక్క పైనుంచి అటూ ఇటూ తిరుగుతుంది, స్కోప్ ఉంటే దానికి తగులుకుంటుంది, అందుకే పక్కకి కదిలే మూడు పొజిషన్ల సేఫ్టీ వేయిస్తారు. బోల్ట్ హ్యాండిల్ కూడా అంతే, పైకెత్తితే స్కోప్‌ని గుద్దుతుంది, కిందకి వంగేలా కొత్త హ్యాండిల్ వెల్డ్ చేయాలి. ఆ వెల్డింగ్ వేడి లగ్గుల దాకా పాకితే గట్టిదనం పోతుంది, కాబట్టి ఇదే పని రోజూ చేసేవాడికి ఇవ్వు, గేటుకీ ట్రెయిలర్‌కీ వెల్డింగ్ చేసేవాడికి కాదు. ట్రిగ్గర్ మార్చాలా అంటే నన్నడిగితే ఆ పాత రెండు దశల ట్రిగ్గరే వేటకి సరిపోతుంది, ముందు కొంచెం ఖాళీగా వచ్చి ఆగి తర్వాత తెగుతుంది, చలికి వేళ్ళు మొద్దుబారినా తెలుస్తుంది.

స్టాక్ దగ్గర మాత్రం పిసినారితనం చేయకు, అయితే చారల అందానికి కాదు డబ్బు పెట్టాల్సింది, బెడ్డింగ్‌కి, అంటే రిసీవర్ కర్రలో సరిగ్గా కూర్చునే పనికి. రిసీవర్ కింద ముందున్న రీకాయిల్ లగ్గు వెనక్కి తన్నినప్పుడు కర్రకి మొత్తం సమానంగా ఆనాలి, ఒక మూల మాత్రమే ఆనితే కొన్నాళ్ళకి స్టాక్ మధ్యలో చీలుతుంది, గురి కూడా రోజుకో చోట పడుతుంది. ఎపాక్సీ పోసి కూర్చోబెట్టిస్తే ఆ బాధ ఉండదు. ఉక్కుకి నలుపు రంగు ఎవరు వేసినా ఒకటే, చివర్లో చూసుకో.

ప్రశ్న: సార్, న్యూజెర్సీ నుంచి. మా పక్కింటి ముసలాయన పోతూ పోతూ ఆయన వేట రైఫిల్ నాకిచ్చారు. 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ అని రాసుంది, నంబరు ఆరు లక్షల చిల్లర. బ్యారెల్ మార్పిస్తే వాడుకోవచ్చా?

జవాబు: వాడకండి సార్. ఇది అమెరికా సైన్యం పాత రైఫిల్, రెండు ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో చేసేవారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసినవి 8,00,000 నంబరు లోపల, రాక్ ఐలాండ్‌లో చేసినవి 2,85,507 లోపల ఉన్నవన్నీ పాత పద్ధతిలో వేడి చేసి గట్టిపరిచినవి. అప్పట్లో కొలిమి వేడి ఎంతుందో పనివాడు ఉక్కు రంగు కంటితో చూసి చెప్పేవాడు, ఎండ బాగా ఉన్నరోజు ఒక రంగులా, మబ్బు రోజు ఇంకో రంగులా కనపడేది, అలా కొన్ని ఎక్కువ కాలిపోయి పెళుసెక్కాయి. 1918లో పద్ధతి మార్చాకే ఆ గొడవ తీరింది. మీది వందసార్లు పేలి ఉండొచ్చు, నూటొకటోసారి తూటా కేసు పగిలిందంటే ఆ రిసీవర్ మౌజర్‌లా సాగదు, ముక్కలవుతుంది. బ్యారెల్ మార్చినా రిసీవర్ అదే కదా. పాత రైఫిళ్ళు అమ్మే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ వాళ్ళు కూడా ఈ నంబర్లవి కాల్చొద్దనే చెప్తారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకి ఇలాంటి తొలికాలం స్ప్రింగ్‌ఫీల్డే పట్టుకెళ్ళారు, అప్పటికి ఈ సంగతి బయటపడలేదు. మీరు ఆయన జ్ఞాపకంగా ఉంచుకోండి.

ప్రశ్న: నమస్తే సార్, మాది కరీంనగర్ జిల్లా. మా నాయిన పేరు మీద లైసెన్స్‌తోని .315 రైఫిల్ ఉంది. మక్క చేన్ల అడవి పందులు పడి ఆగం చేస్తున్నయ్. దీనికి కొత్త కర్ర, స్కోప్ పెట్టించి, జర పవర్ ఎక్కువ తూటకు మార్పిచ్చుకోవచ్చా?

జవాబు: మీ బాధ అర్థమైంది, పంట చేతికొచ్చే టైముకి ఒక్క రాత్రిలో చేను మొత్తం తొక్కేస్తాయి. కానీ తూటా మార్చే ఆలోచన పూర్తిగా మానుకోండి. మన దగ్గర రైఫిల్‌ని రిపేరు చేయాలన్నా మార్చాలన్నా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్తే చేయాలి, మీ లైసెన్స్‌లో రాసిన బోర్ (గొట్టం లోపలి సైజు) మార్చడమంటే జైలు కేసు. పోనీ చట్టం పక్కన పెట్టినా, ఆ రైఫిలే దానికి పనికిరాదు. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటా జనానికి ఇవ్వకూడదు కాబట్టి పాత ఆస్ట్రియా మిలిటరీ తూటా, 8×50 మాన్‌లిఖర్‌ని .315 పేరుతో తెచ్చి, మన ప్రభుత్వ ఫ్యాక్టరీలో లీ-ఎన్‌ఫీల్డ్ తరహా యాక్షన్ మీద చేశారు. అందులో లగ్గులు బోల్ట్ వెనకాల ఉంటాయి, ఆ తూటాకైతే సరే, అంతకుమించి ప్రెషర్ పెడితే తట్టుకోదు.

అంతకంటే ముఖ్యమైంది, లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం. పంటకి నష్టం చేసే జంతువు విషయంలో అదే చట్టంలోని 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా పర్మిషన్ ఇవ్వాలి. ఊరంతా కలిసి పంచాయతీ నుంచి ఫారెస్ట్ ఆఫీసుకి అర్జీ పెట్టండి, పంట నష్టం ఫోటోలు తీసి పరిహారానికి కూడా అదే రోజు రాయండి. కరెంటు తీగలు మాత్రం పెట్టకండి, పందుల కన్నా ముందు మనుషులే పోతున్నారు.

ప్రశ్న: జిమ్ కార్బెట్ వాడింది కూడా ఇలా మిలిటరీ మౌజర్‌ని మార్చిందేనా?

జవాబు: యాక్షన్ అదే, కానీ మార్చింది కాదు. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు అప్పటి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూవెట్ ఆయనకి బహుమతిగా ఇచ్చిన .275 రిగ్బీ అది. లండన్ రిగ్బీ కంపెనీవాళ్ళు ఓబెర్న్‌డార్ఫ్ నుంచి కొత్త యాక్షన్లు తెప్పించుకుని వేట కోసమే కట్టేవాళ్ళు. .275 అంటే మరేదో కాదు, పైన ఫ్రిస్కో తమ్ముడికి చెప్పిన 7×57నే.

ప్రశ్న: నేను హెచ్1బి మీద ఆస్టిన్‌లో ఉన్నా. ఇలాంటి పాత రైఫిల్ నేను కొనొచ్చా?

జవాబు: వీసా మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి దగ్గర పెట్టుకోవడమే నేరం, ఫ్రెండ్ తుపాకి రేంజ్‌లో పట్టుకున్నా అదే. దానికున్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్, అది చెల్లుబాటులో ఉండాలి. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేటు భూమిలో ఓనర్ ఒప్పుకుంటే అడవి పందులకి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, దాన్ని చూసి చాలామంది మనవాళ్ళు లైసెన్స్ తీసుకోవట్లేదు. పందికి అక్కర్లేకపోవచ్చు, మీ చేతిలో రైఫిల్ ఉండటానికి మాత్రం అది కావాలి. ముందు లైసెన్స్ తీసుకోండి, ఎక్స్‌పైర్ అయ్యే తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, కొనే ముందు ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, గ్రీన్ కార్డ్ ఫైలు నడుస్తుంటే మరీనూ.