అడవిలాంటి తోట పెంచుతానంటోంది... ఇది కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బయాలజీతో పన్నెండో తరగతి పూర్తి చేసింది. మెడిసిన్ మాటెత్తితే వద్దంటోంది. పళ్ల చెట్లు, గింజలిచ్చే చెట్లు, ఏళ్ల తరబడి బతికే ఆకుకూరలు, మందు మొక్కలు అన్నీ అడవిలా కలిపి పెంచడమే తన వృత్తి అని పట్టుబట్టి కూర్చుంది. ఒక పర్మాకల్చర్ (ప్రకృతి తీరును అనుసరించి తోటలు, పొలాలు తీర్చిదిద్దే పద్ధతి) కోర్సు చేస్తుందట, కాస్త భూమి కొనిస్తే చాలట, డిగ్రీ అక్కర్లేదట. నాకు టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి

జవాబు: ఉంది. కానీ మీ అమ్మాయి అనుకుంటున్న వరసలో లేదు. భూమి కొంటే తోట వస్తుంది, తోట వస్తే ఆదాయం వస్తుంది అని తను లెక్క వేసుకుంటోంది. ఆ లెక్కలో చాలా ఏళ్లు ఖాళీగా ఉన్నాయి. అంటు కట్టిన పళ్ల మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పట్టొచ్చు. విత్తనం నుంచి పెంచిన గింజల చెట్లకు ఇంకా ఎక్కువ. పై అంతస్తు చెట్లు ఎదిగి, కింద నీడలో మొక్కలు కుదురుకునేసరికి పదేళ్లు గడిచిపోవడం మామూలే. అప్పటిదాకా చేతిలో డబ్బు ఆడేది ఎలా అన్నదే మీరు తనని అడగాల్సిన మొదటి ప్రశ్న.

ఇది కొత్త మోజు అనుకోకండి. కిలిమంజారో వాలుల్లో చగ్గా ప్రజలు పెద్ద చెట్ల కింద అరటి, దాని కింద కాఫీ, ఇంకా కింద దుంపలు తరతరాలుగా పెంచుతున్నారు. జావాలోనూ, కేరళలోనూ ఇలాంటి పెరటి తోటలున్నాయి. ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో రాబర్ట్ హార్ట్ అనే ఆయన ఈ పద్ధతిని చల్లటి ప్రాంతానికి తెచ్చి, పెద్ద చెట్ల నుంచి నేలలోని దుంపల దాకా, పైకి పాకే తీగలతో కలిపి ఏడు అంతస్తులుగా వివరించారు. ఆయన తోట చాలా చిన్నది, సుమారు 500 చదరపు మీటర్లు.

మీ అమ్మాయి తప్పకుండా పరిశీలించాల్సింది ఇంగ్లండ్‌లోనే డెవన్ ప్రాంతంలోని డార్టింగ్టన్ దగ్గర 1994లో మొదలైన తోటని. సుమారు రెండు ఎకరాలు, 500కు పైగా మొక్కల రకాలు. దాన్ని నడిపే ట్రస్టు మొక్కలు, విత్తనాలు అమ్ముతుంది, కోర్సులు నిర్వహిస్తుంది, పరిశోధనలు ప్రచురిస్తుంది. అంత పేరున్న తోట కూడా పళ్లూ ఆకులూ అమ్మడం ఒక్కదాన్నే నమ్ముకోలేదు. కాబట్టి ఈ రంగంలో తిండి పెట్టే విద్యలు ఏమిటంటే మొక్కల్ని గుర్తుపట్టడం, వాటిని పెంచి పంచడం, ఒక స్థలాన్ని చూసి ఏది ఎక్కడ బతుకుతుందో చెప్పగలగడం.

గుర్తుపట్టడం అంటే ఫోన్‌లో యాప్ తెరవడం కాదు. క్యారెట్ కుటుంబాన్నే తీసుకోండి. అడవి క్యారెట్ తినొచ్చు. దాదాపు అలాగే కనిపించే హెమ్లాక్ మాత్రం ప్రాణం తీస్తుంది. తినే మొక్కల మీద వృత్తి కట్టుకునే మనిషికి శాస్త్రీయ నామాలు, పూల నిర్మాణం నోటికి రావాలి. డిగ్రీ అక్కర్లేదన్న మీ అమ్మాయి మాటకు నేను ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం, ఈ రంగంలో నిజాలతో పాటు నమ్మకాలూ బాగా చలామణీలో ఉన్నాయి. చిక్కుడు జాతి మొక్కల వేళ్లలో రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, నిజమే. ఆల్డర్ చెట్టు ఆ జాతి కాకపోయినా ఫ్రాంకియా అనే మరో బాక్టీరియాతో అదే పని చేయించుకుంటుంది, అదీ నిజమే. కానీ కాంఫ్రీ లాంటి మొక్కలు లోతు మట్టిలోని పోషకాలను పైకి లాగి పక్క మొక్కలకు అందిస్తాయన్న మాటకు ఆధారాలు అంత గట్టిగా లేవు. కోర్సుల్లో మాత్రం రెండింటినీ ఒకే ధీమాతో చెప్పేస్తుంటారు! నత్రజని ఇస్తుంది, పండూ తినొచ్చు అని ఒకప్పుడు మెచ్చుకుని నాటిన ఆటమ్ ఆలివ్ అనే పొద ఇప్పుడు అమెరికా తూర్పు ప్రాంతాల్లో స్థానిక మొక్కల్ని తొక్కేసే బెడదగా మారింది. నల్ల వాల్‌నట్ చెట్టు జుగ్లోన్ అనే పదార్థాన్ని వదులుతుంది, దాని దగ్గర కొన్ని మొక్కలు నిలవవు. ఉష్ణమండలంలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి అంతస్తులు దగ్గరదగ్గరగా కుదురుతాయి. అదే డిజైన్‌ని చల్లటి దేశంలో దించితే కింది మొక్కలకు వెలుతురు చాలదు, చెట్లను ఎడంగా నాటాల్సిందే. ఇవన్నీ వృక్షశాస్త్రం, నేల శాస్త్రం, పర్యావరణ శాస్త్రం చదివితేనే జల్లెడ పట్టగలం.

ఏ డిగ్రీ అంటారా? మొక్కల్ని చేత్తో పెంచడం మీద ఇష్టమైతే హార్టికల్చర్, చెట్ల మీద మనసుంటే ఫారెస్ట్రీ. నా ఓటు హార్టికల్చర్‌కి. అంటు కట్టడం, గాలి అంటు, నేల అంటు, కొమ్మ కత్తిరింపులతో మొక్కలు తయారుచేయడం వచ్చిన మనిషికి ఏ ఊళ్లోనైనా పని దొరికే అవకాశం ఉంటుంది. పీజీలో ఆగ్రోఫారెస్ట్రీ (చెట్లనూ పంటలనూ కలిపి పెంచే శాస్త్రం) వైపు వెళ్లొచ్చు. తోటల డిజైనే లక్ష్యమైతే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ కూడా దారే, కానీ అక్కడ డ్రాయింగ్ పని ఎక్కువ, మట్టి పని తక్కువ. కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు కంటే ముందు సొంత నర్సరీ ఉందా, విద్యార్థుల చేత పని చేయిస్తారా అని కనుక్కోండి. సిలబస్‌లో స్టాటిస్టిక్స్ ఉంటే భయపడొద్దని చెప్పండి, రేపు ఏ పరిశోధన ప్రాజెక్టులోనైనా అదే పనికొస్తుంది.

పర్మాకల్చర్ డిజైన్ కోర్సు వద్దనను. అది సాధారణంగా 72 గంటల పాఠ్యక్రమం. సెలవుల్లో చేస్తే చూపు విశాలమవుతుంది, పరిచయాలు పెరుగుతాయి. కానీ ఉద్యోగ దరఖాస్తులో డిగ్రీ అడిగిన చోట ఆ సర్టిఫికెట్ చెల్లదు.

ఉద్యోగాలు నర్సరీల్లో, బొటానికల్ గార్డెన్లలో, పాడైన భూముల్ని మళ్లీ పచ్చగా చేసే ప్రాజెక్టుల్లో, నీడలో కాఫీ, కోకో పెంచే తోటల్లో ఉంటాయి. పరిశోధన వైపైతే నైరోబీలో 1978 నుంచి పనిచేస్తున్న ప్రపంచ ఆగ్రోఫారెస్ట్రీ కేంద్రం లాంటి సంస్థలున్నాయి. మొదటి జీతాలు డాక్టర్లతో పోల్చుకునేలా ఉండవు. ఈ సంగతి మీ అమ్మాయికి ఇప్పుడే తెలిస్తే మంచిది.

ఇక భూమి సంగతి. ఇప్పుడు కొనకండి. అడ్మిషన్ల లోపు దొరికే ఖాళీలో తనని ఏదైనా నర్సరీలో పనికి పంపండి. కుండీలు మోయడం, నీళ్లు పెట్టడం, ఎండలో కలుపు తీయడం చేశాక కూడా పొద్దున్నే లేచి వెళ్తుంటే ఆ ఇష్టం నిజమైనదే. ఇంట్లో నాలుగు కుండీల్లో కత్తిరింపులు నాటి, ఎన్ని వేళ్లు వేశాయో నోట్‌బుక్‌లో రాయమనండి. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్కే మాట్లాడుతుంది.

చదువయ్యాక కూడా సొంత తోట కావాలంటే, కొనేముందు కౌలుకు తీసుకుని చూడమనండి. ఇక్కడొక జాగ్రత్త. ఏడాది పంటల కౌలు పద్ధతి ఈ తోటలకు సరిపోదు. చెట్లు కాపుకొచ్చే వేళకి గడువు ముగిస్తే శ్రమంతా భూమి యజమానిదైపోతుంది. దీర్ఘకాలానికే ఒప్పందం చేసుకోవాలి. నాటిన చెట్లు ఎవరివి, మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే పరిహారం ఎంత అన్నది పత్రంలో రాయించుకుని, సంతకాలకు ముందు ఒక లాయర్‌కి చూపించండి.